విలియం కేరీగారి తోట

చదువవలసిన భాగములు: మార్కు 6:30–34, 1 రాజులు 19:1–8



మార్కు సువార్త ఆరవ అధ్యాయములో అపొస్తలులు ప్రకటన యాత్రనుండి తిరిగివచ్చి, తాము చేసిన పనులన్నిటిని ప్రభువునకు విన్నవించుకొనిరి. ఆ వేళ జనుల రాకపోకలు ఎంత ఎక్కువగా నుండెననగా, వారికి ఒక ముద్ద తినుటకైనను తీరిక దొరకలేదు. అప్పుడు ప్రభువు వారికి మరియొక పని అప్పగింపలేదు. వారిని దోనె ఎక్కించి, జనులు లేని చోటికి తీసికొనిపోయి, కొంతసేపు సేదదీరమనెను.

ఈ భాగము చదివినప్పుడు మనలో అనేకులకు కొంచెము బిడియము కలుగును. నాట్లు పడుచున్నవి, కలుపు పెరుగుచున్నది, కోతలు ముంచుకొని వచ్చుచున్నవి, దొడ్డిలో పశువులు మేతకు అరచుచున్నవి. ఇట్టి సమయమున విశ్రాంతియను మాట సోమరిమాటవలె వినబడును. నాలుగైదు గ్రామములు తిరుగు ఉపదేశికి అది పాపమువలె తోచును. కోడి కూయకముందే లేచి, అందరును పండుకొనిన తరువాత పండుకొను ఇంటి తల్లికి ఆ మాట తన కొరకు చెప్పబడినదను తలంపే రాదు.

కాబట్టి మిక్కిలి పని చేసిన ఒక దైవజనుని జీవితమును ఈ మాసము ధ్యానింతము. ఆయన నలువది సంవత్సరములు మన దేశములో ఒక్కసారియైనను స్వదేశమునకు సెలవుపై వెళ్లక పని చేసిరి. అయినను ఆయనకు ఒక తోట ఉండెను. ఆయన పని సంగతి అనేకులకు తెలియును గాని తోట సంగతి కొందరికే తెలియును.

చెప్పులు కుట్టిన యువకుడు

విలియం కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైరులో పాలర్స్‌పురీ అను పల్లెయందు జన్మించిరి. తండ్రి నేతపనివాడు, తరువాత ఆ పల్లె బడికి ఉపాధ్యాయుడయ్యెను. పేతురు కేరీ అను పినతండ్రి తోటపని ఎరిగినవాడు. ఆయనవలన ఈ బాలునికి మొక్కలయందు ప్రీతి కలిగెను. పక్షులను, పురుగులను, పూలను ఇంటికి తెచ్చి తన గది నింపుకొనుట అతని అలవాటు.

అతడు పొలము పని నేర్చుకొనవలెనని తలంచెను గాని ఎండ సోకగానే చర్మవ్యాధి బాధింపసాగెను. అందుచేత నీడలో చేయు పనియని చెప్పులు కుట్టుట నేర్చుకొనెను. 1781లో డొరొతీ ప్లాకెట్ అను గ్రామ యువతిని వివాహమాడెను. ఆమెకు అప్పటికి చదువు రాదు. వివాహపు పుస్తకములో సంతకమునకు బదులు గుర్తు పెట్టెను. 1783లో కేరీగారు నీన్ నదిలో బాప్తిస్మము పొందిరి. చెప్పులు కుట్టుచు, బడి చెప్పుచు, చిన్న సంఘమును కాయుచు, భాషలు నేర్చుకొనుచు, లోకమంతటికి సువార్త అందవలెనను భారమును హృదయములో మోయుచు దినములు గడిపిరి. 1792లో ఆ భారమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. ఆ యేటనే బాప్టిస్టు మిషనెరీ సంఘము ఏర్పడెను. 1793 నవంబరులో ఆయన కుటుంబముతో కలకత్తా చేరిరి.

కన్నీటి ఆరంభము

మొదటి సంవత్సరములు మిగుల కఠినమైనవి. డబ్బు లేదు, నిలువనీడ లేదు. విరేచనములు, జ్వరములు ఆ కుటుంబమును వదలలేదు. ఉత్తర బెంగాలులో మదనాబతీ అను చోట నీలిమందు కర్మాగారములో కేరీగారికి ఉద్యోగము దొరికెను. అక్కడ 1794లో అయిదేండ్ల కుమారుడు పేతురు మరణించెను. తండ్రియు జ్వరముతో క్షీణించియుండెను.

1800 జనవరిలో కేరీగారు డేనిష్ వారి ఏలుబడిలో నున్న సేరంపూరు చేరి, మార్ష్‌మన్‌గారితోను వార్డుగారితోను కలిసి పని ప్రారంభించిరి. వారితో ఇంగ్లాండునుండి బయలుదేరిన గ్రాంటుగారు అంతకు కొద్ది వారములకు ముందే మరణించియుండిరి. 1800లో ఫౌంటెన్‌గారు, 1801లో బ్రన్స్‌డన్‌గారును థామస్‌గారును మరణించిరి. రెండేండ్లలో నలుగురు! మన తెలుగుదేశములోను అట్లే జరిగెను. 1805లో విశాఖపట్నము వచ్చి తెలుగులో సువార్తలను తర్జుమా చేయ మొదలిడిన క్రాన్‌గారు 1809లోను, దెగ్రాంజ్‌గారు 1810లోను కన్నుమూసిరి. ఆ కాలమున ఈ శీతోష్ణములలో బ్రదుకుటయే ఒక గొప్ప విషయము. కేరీగారు 1834 వరకు జీవించిరి.

ఒక్క దినపు పని

ఆయన పని ఎంతటిదో తెలిసికొనుటకు 1806 జూన్ మాసములో ఒక దినమును గూర్చి ఆయన స్నేహితునికి వ్రాసిన లేఖ చాలును. అది కలకత్తాలో గడిపిన దినము. అప్పుడాయన ఫోర్టు విలియం కళాశాలలో భాషలు బోధించుచుండిరి. ఉదయము ఆరు గంటలు కాకముందే లేచి, హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు గంటల వరకు ఏకాంత ప్రార్థనలో గడిపిరి. తరువాత పనివారితో కలిసి బంగాళీలో కుటుంబ ప్రార్థన చేసిరి. టీ పోయుచుండగా మున్షీతో పారసీకము చదివిరి. ఫలహారమైన తరువాత పండితునితో సంస్కృత రామాయణము తర్జుమా. పది గంటలనుండి మధ్యాహ్నము వరకు కళాశాల. ఇంటికి వచ్చి బంగాళీ యిర్మీయా గ్రంథపు అచ్చు ప్రతులను దిద్దిరి. భోజనానంతరము సాయంకాలము ఆరు వరకు మత్తయి సువార్తను సంస్కృతములోనికి తర్జుమా చేసిరి.

ఆరు దాటిన తరువాత ఎవరితో కూర్చుండిరో వినుడి. ఒక తెలుగు పండితునితో కూర్చుండి మన భాష నేర్చుకొనిరి! పిమ్మట ఆంగ్లములో ప్రసంగము చేసి, జనులు వెళ్లిన తరువాత పదునొకండు గంటలు కావచ్చువరకు యెహెజ్కేలు గ్రంథము తర్జుమా చేసి, ఉత్తరములు వ్రాసి, గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయము చదివి పండుకొనిరి.

ఇది చదివిన మనకు ఊపిరాడదు. ఇట్టి దినములను వరుసగా గడిపినచో ఎంత బలవంతుడైనను కూలిపోవును. కేరీగారు నిలిచిన సంగతి గ్రహింపవలెనన్న ఆయనతోకూడ సేరంపూరుకు పోవలెను.

గోడలోపలి తోట

వారములో కొన్ని దినములు కలకత్తాలో, మిగిలిన దినములు సేరంపూరులో గడుపుట ఆయన వాడుక. హుగ్లీ నదిపై పడవలో పోవుచు వచ్చుచుండిరి. సేరంపూరులో ఆయనకు సుమారు అయిదు ఎకరముల తోట ఉండెను. లిన్నేయస్ అను స్వీడను పండితుడు ఏర్పరచిన క్రమము చొప్పున మొక్కలను వర్గములుగా పెంచిరి. మన దేశపు మొక్కలతోపాటు దూరదేశములనుండి విత్తనములు తెప్పించి నాటిరి. చెట్ల నీడలో నడచుటకు బాటయు, ప్రార్థించుటకు ఒక పొదరిల్లును ఉండెను. సూర్యోదయమునకు ముందే ఆయన అచ్చటికి వెళ్లుదురు. అదే ఆయన ప్రార్థనామందిరము, అదే ఆయనకు వైద్యాలయము. ఎండకు తాళలేని దేహమైనను ఉదయపు చల్లదనములో మట్టి పని చేయగలిగెను.

ఆ తోట ఏర్పాటులో ఇతరులు జోక్యము చేసికొనుట ఆయనకు ఇష్టము లేదు. జీతములో అధికభాగమును మిషను పనికి ఇచ్చివేసి తాము సామాన్యముగా జీవించిన ఆ మనుష్యుడు, ఈ ఒక్క చోటును మాత్రము తనకొరకు ఉంచుకొనెను. ఆయన కుమారుడు జోనాథాను తన తండ్రికి మిక్కిలి ఆనందమిచ్చిన చోటు అదేయని వ్రాసెను.

ఒక చిన్న సంగతి గలదు. ఇంగ్లాండునుండి విత్తనముల సంచి యొకటి వచ్చెను. విత్తనములు తీసిన తరువాత కేరీగారు ఆ సంచిని పారవేయక, నీడగానున్న మట్టిపై దులిపిరి. కొన్ని దినములకు అచ్చట ఒక సన్నని మొలక లేచి పూసెను. అది ఇంగ్లాండు పల్లెలలో త్రోవప్రక్కల గడ్డిలో పూచు డెయిజీ పువ్వు. బాల్యములో చూచిన ఆ పువ్వును మరల చూచునప్పటికి ఆయనకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. ఏటేట దాని విత్తనములు దాచి మరల నాటి దానిని నిలుపుకొనిరి. స్వదేశమునకు తిరిగిపోని ఆ మనుష్యునికి దేవుడు ఒక చిటికెడు మట్టిలో స్వదేశమును పంపెను.

తోట ఆయనను మాత్రమే పోషింపలేదు. మన గోదావరి ప్రాంతమున సామర్లకోటలో కొన్ని సంవత్సరములు మొక్కలను పరిశోధించి, తరువాత కలకత్తా తోటకు అధికారియైన రాక్స్‌బర్గుగారు ఆయనకు స్నేహితుడు. రాక్స్‌బర్గుగారు వ్రాసిన మొక్కల గ్రంథములను కేరీగారు సేరంపూరులో అచ్చువేయించిరి. ఒక చెట్ల జాతికి కేరీయా అను పేరు ఆయన జ్ఞాపకార్థమే వచ్చెను. 1820లో రైతుల పంటలును తోటలును బాగుపడవలెనని ఒక వ్యవసాయ సంఘమును స్థాపించిరి. తనకు సేదనిచ్చినది పేద రైతులకు మేలుగా మారెను.

ఇంటిలోని గాయము

ఇంతవరకే చెప్పి ముగించినయెడల సత్యములో సగమే చెప్పినవారమగుదుము.

డొరొతీగారు ఈ దేశమునకు రానని మొదట గట్టిగా చెప్పిరి. చివరి గడియలో చంటిబిడ్డతో బయలుదేరిరి. క్రొత్త దేశము, తెలియని భాష, ఎడతెగని వ్యాధి, వీటిపై పేతురు మరణము. 1795 నుండి ఆమె మనస్సు చెదిరిపోయెను. లేని దోషములను భర్తపై మోపుచు, కొన్నిసార్లు మీద పడుచు ఉండిరి. ఆమెను ఒక గదిలో ఉంచవలసి వచ్చిన దినములుండెను. ప్రక్క గదిలో కేరీగారు బైబిలు తర్జుమా చేయుచుండిరి. ఆయన ఆమెను విడిచిపెట్టలేదు. వెఱ్ఱివారి ఆసుపత్రికి పంపుటకు ఒప్పుకొనలేదు. పండ్రెండేండ్లు ఆ బాధ అనుభవించి ఆమె 1807 డిసెంబరులో మరణించిరి.

పిల్లల సంగతియు అట్లే. తల్లి వ్యాధిగ్రస్తురాలు, తండ్రి పనిలో మునిగియుండెను. సేరంపూరు చేరునప్పటికి ఆ బాలురు అదుపులేక పెరుగుచుండిరి. హన్నా మార్ష్‌మన్‌గారును వార్డుగారును వారిని చేరదీసి దారికి తెచ్చిరి. వారిలో పెద్దవాడైన ఫీలిక్సును ప్రభువునొద్దకు నడిపినవారు వార్డుగారే.

దైవజనుని తప్పులెన్నుటకు దీనిని వ్రాయుటలేదు. ఆ కాలమున అట్టి వ్యాధికి మందు లేదు. అయినను మనము నేర్చుకొనవలసినది గలదు. కేరీగారికి తెల్లవారుజామున ఒక తోట ఉండెను. డొరొతీగారికి ఏమి ఉండెను? మాటలాడుటకు తన భాష ఎరిగిన స్త్రీలు కొద్దిమందే. ఏడ్చుటకు ఒక సమాధి ఉండెను. గొప్ప పనియొక్క భారము పని చేయువానికంటె ఇంటిలోనివారిపై ఎక్కువగా పడుట కలదు.

సేరంపూరు సహోదరులు దీనిని కొంతవరకు గ్రహించిరని తోచును. ఒకే కుటుంబముగా జీవించిన వారు శనివారపు సాయంకాలమును ప్రత్యేకించి, ఆ వారములో ఒకరిపై ఒకరికి కలిగిన నొప్పిని చెప్పుకొని, క్షమించుకొని, సమాధానపడిన తరువాతనే ఆదివారములో ప్రవేశించుచుండిరి. 1808లో కేరీగారు షార్లెట్ రూమోర్ అను డేనిష్ స్త్రీని వివాహమాడిరి. ఆమెది బలహీనమైన దేహము. అయినను 1821లో ఆమె మరణించువరకు వారి కాపురము ఎంతో ప్రేమతోను నెమ్మదితోను సాగెను.

అగ్నియు వరదయు

1809లో బంగాళీ బైబిలు ముగిసిన వెంటనే కేరీగారు తీవ్రమైన జ్వరముతో మంచము పట్టిరి. బ్రదుకుట కష్టమని అందరు తలంచిరి. పని ముగిసినప్పుడు దేహము తన లెక్క అప్పగించును. నెమ్మదిగా ఆయన కోలుకొనిరి.

1812 మార్చి 11 సాయంకాలము ముద్రణాలయములో అగ్ని పుట్టెను. కాగితము, అనేక భాషల అచ్చు అక్షరములు, సంవత్సరముల తరబడి వ్రాసిన ప్రతులు దగ్ధమాయెను. అందులో ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణమును ఉండెను. మరునాడు మార్ష్‌మన్‌గారు కలకత్తాకు వెళ్లి ఆ వార్త చెప్పగా కేరీగారు కన్నీరు కార్చిరి. తరువాతి ఆదివారమున ఆయన ప్రసంగించినది 46వ కీర్తన 10వ వచనముపై. దేవుడే దేవుడని తెలిసికొని నెమ్మదిగా నిలుచుటను గూర్చిన వాక్యమది. ఊరకుండుట నేర్చినవాడే మరల లేవగలడు. ఆయన మరల కలము పట్టిరి. తెలుగు వ్యాకరణము 1814లో అచ్చాయెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లో సేరంపూరునుండి వెలువడెను.

1823 మార్చిలో వార్డుగారు కలరాతో మరణించిరి. ఆ అక్టోబరులో కేరీగారు కలకత్తాలో ప్రసంగించి రాత్రి వేళ పడవ దిగుచు కాలుజారి పడిరి. తుంటికి గట్టి దెబ్బ తగిలి, జ్వరము వచ్చి, చాలకాలము కర్రల సహాయముతో నడచిరి. ఆయన మంచముననుండగానే దామోదరపు వరద వచ్చి ఇంటిని పాడుచేసి, తోటను ముంచి, సంవత్సరముల కష్టమును కొట్టుకొనిపోయెను. అరువదిరెండేండ్ల వయస్సున కుంటుచున్న ఆ వృద్ధుడు తోటను మరల నాటించెను.

చివరి దినములలో నడువలేనప్పుడు ఆయనను చక్రముల కుర్చీలో తోటకు తీసికొని వెళ్లుచుండిరి. అదియు సాధ్యము కానప్పుడు తోటమాలిని పిలిపించి మొక్కల క్షేమము అడుగుచుండిరి. తాను పోయిన తరువాత ఆవులు తోటలో పడి మేయునేమో యని ఒకనాడు దిగులుపడిరట. 1834 జూన్ 9న ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆయనయు సహోదరులును కలిసి ముప్పదికి పైగా భాషలలో దేవుని వాక్యమును అచ్చువేసిరి.

మనకు పాఠము

మొదట, కేరీగారు తీరిక దొరికినప్పుడు తోటకు పోలేదు. తీరిక ఎన్నడును దొరకదని ఆయనకు తెలియును. కావున ఉదయమున ఒక గడియను ముందుగానే ప్రత్యేకించిరి. దశమభాగమును కొలిచి పెట్టినట్లే సమయమునుకూడ ముందుగా కొలిచి పెట్టవలెను. మిగిలినప్పుడు చూతమనువారికి ఏమియు మిగలదు.

రెండవది, దినమంతయు అక్షరములతో కూర్చుండినవానికి పారయే విశ్రాంతి. దినమంతయు పార పట్టినవానికి కూర్చుండుటయే విశ్రాంతి. రైతు సహోదరుడా, చేలో దున్ని వచ్చిన నీకు మరియొక తోట అక్కరలేదు. చింతచెట్టు నీడను కొంతసేపు కూర్చుండి ఒక కీర్తన చదువుకొనుము. ఇస్సాకు సాయంకాలమున పొలములోనికి వెళ్లి ధ్యానించెను. ప్రభువు ఒలీవల కొండనున్న తోటకు వాడుక చొప్పున వెళ్లుచుండెను. ఏలీయా చావు కోరుకొనినప్పుడు దూత అతని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. తరువాతనే ప్రయాణము.

మూడవది మిక్కిలి ముఖ్యము. నీ విశ్రాంతి మరియొకరి నడుముపై నిలువకూడదు. విశ్రాంతిదినపు ఆజ్ఞలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరును లెక్కకు వచ్చిరి. ఇంటి తల్లిని అందులోనుండి తీసివేయుటకు మనకెవరు అధికారమిచ్చిరి? ఆదివారము ఆరాధన విడిచిన వెంటనే పురుషులు అరుగుపై కూర్చుండగా, ఆమె తడి కట్టెలతో పొగలో దగ్గుచు అతిథులకు వండుచున్నయెడల, ఆ ఇంటిలో విశ్రాంతిదినము సగమే ఆచరింపబడినది. ఒక పూట నీవు నీళ్లు తెచ్చి, పిల్లలను చూచి, ఆమెను స్త్రీల సహవాసమునకు పంపుము. ఆమె మాట తక్కువై, నిద్ర తప్పి, ఊరక ఏడ్చుచున్నదా? దయ్యమనియు, పాపమనియు అనకుము. డొరొతీగారి కాలమున లేని మందులును వైద్యులును నేడున్నారు. సిగ్గుపడక తీసికొనిపొమ్ము, ప్రార్థింపుము, ప్రక్కనే ఉండుము.

ఈ వారము ప్రతి ఇంటివారు ఒక ప్రశ్న వేసికొనుడి: మన ఇంటిలో ఎవరికి తోట లేదు?

ప్రార్థన

మా ప్రభువా, పని ఇచ్చినవాడవు నీవే, నిద్ర ఇచ్చువాడవు నీవే. నీ పనియని చెప్పి మమ్మును మేము పాడుచేసికొనకుండను, మా విశ్రాంతికొరకు మా ఇంటివారిని అలయింపకుండను మాకు బుద్ధి దయచేయుము. అలసినవారిని నీయొద్దకు చేర్చుకొనుము. మనస్సు చెదిరినవారిని నీ చేతితో పట్టుకొనుము. మాలో ప్రతివానికి, ప్రతి స్త్రీకి, నీతో ఏకాంతముగానుండు ఒక గడియ దయచేయుము. ఆమేన్.